డేటాబేస్ ల్యాబ్‌ని కంటెయినర్లలోకి మార్చిన కథ: ప్రాజెక్టు డైరీ

సెలవుల్లో

డీబీఎంఎస్ (డేటాబేస్ పాఠాల) ల్యాబ్‌లో మొదటి వారాలు ఎప్పుడూ ఇన్‌స్టలేషన్‌కే పోతాయి. ఒకరికి పాస్‌వర్డ్ గుర్తుండదు. ఒకరి మెషీన్లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి కావాల్సిన 5432 పోర్టుని ఇంకేదో ప్రోగ్రాం పట్టుకుని కూర్చుంటుంది. ఇంకొకరి దగ్గర పాత సర్వీసు సగం పోయి సగం మిగిలి కొత్తదాన్ని ఎక్కనివ్వదు. అయినా ఈ పని తలకెత్తుకున్నది అందుకు కాదు. ఇన్‌స్టలేషన్ ఎలాగోలా అయిపోతుంది. ఆ తర్వాతే అసలు సమస్య. అందరికీ ఒకటే సర్వరు, అందులో తలా ఒక స్కీమా (సొంత టేబుళ్ల గది) ఇస్తాం కాబట్టి సెమిస్టరంతా ఎవరూ దాన్ని గట్టిగా ముట్టుకోరు. డ్రాప్ కొట్టాలంటే భయం, ఆల్టర్ కొట్టాలన్నా భయమే. రికార్డులో ఉన్న క్వెరీలు టైపు చేసి, వచ్చిన అవుట్‌పుట్ రాసుకుని వెళ్లిపోతారు.

పాడు చేసినా నిమిషంలో మళ్లీ మొదటికి తెచ్చుకోగలిగితేనే ట్రాన్సాక్షన్లు, రికవరీ లాంటివి చేత్తో చేసి చూస్తారు. నాకు కంటెయినర్లు (ఒక ప్రోగ్రాంని, దానికి కావాల్సినవన్నిటితో కలిపి విడిగా నడిపే డబ్బాలు) కావాల్సింది ఆ రీసెట్ కోసం. మిగతావన్నీ దాని వెంట వచ్చిన తలనొప్పులు.

కంటెయినర్లను నడిపే డాకర్ అనే సాఫ్ట్‌వేర్‌ని ల్యాబ్ మెషీన్లలోనే పెట్టేస్తే సరిపోదా అని ముందు అనుకున్నాం. సరిపోదు. మామూలు యూజర్ డాకర్ కమాండ్లు వాడాలంటే అతన్ని డాకర్ గ్రూపులో చేర్చాలి. ఆ గ్రూపులో ఉన్నవాడు మెషీన్ రూట్ ఫోల్డర్ మొత్తాన్ని ఒక కంటెయినర్‌లోకి మౌంట్ చేసుకుని, లోపల రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) కూర్చుని ఏ ఫైలైనా మార్చగలడు. అంటే డాకర్ గ్రూపు ఇవ్వడం అంటే రూట్ పాస్‌వర్డ్ ఇచ్చినట్టే. రూట్ హక్కు లేకుండా డాకర్ నడిపే రూట్‌లెస్ మోడ్ ఉంది, పాడ్‌మ్యాన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది. కానీ అన్ని మెషీన్లలోనూ అవి పెట్టి చూసుకునే ఓపిక నాకూ, ల్యాబ్ టెక్నీషియన్‌కీ లేదు.

కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో ఉన్న 64 జీబీ లినక్స్ సర్వరు మీదే అన్నీ నడపాలని తేల్చాం. విద్యార్థికొక పోస్ట్‌గ్రెస్ కంటెయినర్, ఒక పోర్టు. ల్యాబ్ మెషీన్ నుంచి, పోస్ట్‌గ్రెస్‌కి క్వెరీలు పంపే పీఎస్‌క్యూఎల్ ప్రోగ్రాంతో కనెక్ట్ అవుతారు. డాకర్ కమాండు ఎవరి చేతికీ ఇవ్వం. ఎస్ఎస్‌హెచ్‌తో దూరం నుంచి సర్వరులోకి లాగిన్ అయితే కమాండ్లు కొట్టే షెల్ రాదు, ఫోర్స్‌కమాండ్ అనే సెట్టింగ్ పెట్టి ఒక చిన్న మెనూ మాత్రమే వస్తుంది: స్టార్ట్, స్టాప్, కిల్, రీసెట్. రీసెట్ నొక్కితే సొంత రోల్ నంబరు టైపు చెయ్యమంటుంది. పక్కవాళ్లది తుడిచేసే సరదాకి అక్కడే తాళం.

వెర్షన్ దగ్గర వాదన

కంటెయినర్‌కి అచ్చులా పనిచేసే ఇమేజ్ పేరు పక్కన లేటెస్ట్ అని రాసి వదిలేద్దామన్నాడు మా ల్యాబ్ టెక్నీషియన్. ఎప్పుడూ కొత్తదే వస్తుంది కదా సార్ అని. అదే వద్దంటున్నా. పోస్ట్‌గ్రెస్‌కి ఏటా ఒక మేజర్ వెర్షన్ వస్తుంది, అదీ సరిగ్గా సెమిస్టర్ మధ్యలో, సెప్టెంబరు ప్రాంతంలో. పాత వెర్షన్ రాసిన డేటా ఫైళ్లను కొత్త మేజర్ వెర్షన్ నేరుగా చదవదు. ఒక పొద్దున ఇమేజ్ తాజాగా దిగిందంటే మా 66 మంది విద్యార్థుల డేటాబేస్‌లు లేవవు. పైగా 18వ వెర్షన్ నుంచి అధికారిక ఇమేజ్‌లో డేటా ఫోల్డర్ దారే మారింది. పాత కంపోజ్ ఫైలు (కంటెయినర్ల సెట్టింగ్స్ రాసే ఫైలు) యథాతథంగా పనికిరాదు. 17 అని నంబరు వేసి స్థిరపడ్డాం. ఒక్కో మేజర్ వెర్షన్‌కి ఐదేళ్లు సపోర్టు ఉంటుంది, ఈ బ్యాచ్ డిగ్రీ పూర్తయినా ఇబ్బంది లేదు.

ఆల్పైన్ అనే చిన్న లినక్స్ ఆధారంగా చేసిన ఇమేజ్ సైజు చాలా తక్కువ. అయినా డెబియన్ ఆధారంగా చేసినదే తీసుకున్నా. డిస్కు చవగ్గా ఉన్నచోట కొన్ని వందల ఎంబీల కోసం వేరే సీ లైబ్రరీతో, వేరే లొకేల్ (భాష, అక్షర క్రమం) ప్రవర్తనతో తిప్పలు పడటం ఎందుకు?

ముప్పై దగ్గర ఆగిపోయింది

స్క్రిప్టు రాసి కంటెయినర్లను వరసగా లేపుతుంటే టెక్నీషియన్ వచ్చి, "సార్, ముప్పై దాకా బాగానే వచ్చాయి. ఆ తర్వాత ఒక్కటీ లేవట్లేదు" అన్నాడు. ర్యామ్ చూస్తే బోలెడంత ఖాళీ. సీపీయూ నిద్రపోతోంది. ఎర్రర్ చూస్తే మెమరీ ఊసే లేదు, ఖాళీ ఐపీ అడ్రస్ పూల్ దొరకలేదని ఉంది.

ఇది డాకర్‌తో చిన్న ప్రాజెక్టులు చేసేవాళ్లకు ఎప్పుడూ ఎదురవ్వదు. కంపోజ్ ప్రతి ప్రాజెక్టుకీ సొంతంగా ఒక నెట్‌వర్క్ తయారుచేస్తుంది, మా దగ్గర విద్యార్థికొక ప్రాజెక్టు. వాటికి అడ్రస్‌లు ముందే పెట్టిన గుట్ట నుంచి ఇస్తుంది: 172.17 నుంచి 172.31 దాకా పదిహేను పెద్ద ముక్కలు, 192.168ని పదహారుగా కోసిన ముక్కలు. మొత్తం 31. అందులో ఒకటి డాకర్ సొంత బ్రిడ్జికి (లోపలి నెట్‌వర్క్‌కి) పోతుంది. ఒక్కో పెద్ద ముక్కలో అరవై ఐదు వేల పైచిలుకు అడ్రస్‌లు ఉంటాయి, మనం వాడేది ఒకటో రెండో. ఒక్క మనిషికి ఊరంతా రాసిచ్చినట్టు.

డాకర్ డీమన్ (వెనక ఎప్పుడూ నడిచే సర్వీసు) కాన్ఫిగరేషన్‌లో డిఫాల్ట్ అడ్రస్ పూల్స్ అని ఒక సెట్టింగ్ ఉంది. క్యాంపస్‌లో ఎవరూ వాడని 10తో మొదలయ్యే ఒక రేంజ్ తీసుకుని, దాన్ని 24 సైజు (ఒక్కోదానిలో 256 అడ్రస్‌లు) ముక్కలు చెయ్యమన్నాం. ఇప్పుడు 256 నెట్‌వర్కుల దాకా వస్తాయి. ఆ రేంజ్ ఎవరూ వాడట్లేదని నెట్‌వర్క్ విభాగాన్ని అడిగి ఖాయం చేసుకున్నాకే పెట్టాం. అడగకుండా పెడితే ఏమవుతుందో తెలుసు. ఆ అడ్రస్‌లు వాడుతున్న క్యాంపస్ మెషీన్లకు పంపాల్సిన ప్యాకెట్లు సర్వరు లోపలి బ్రిడ్జికే పోతాయి, బయట ఉన్నవాళ్లకి సర్వరు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. 172 రేంజ్ వాడే క్యాంపస్‌లలో ఏ సెట్టింగూ మార్చకుండా డాకర్ పెట్టినా ఇదే జరుగుతుంది.

అందరికీ ఒకే ఉమ్మడి నెట్‌వర్క్ పెడితే ఈ గొడవే ఉండదని ఒక మేడమ్ సలహా ఇచ్చారు. నిజమే. కానీ అప్పుడు ఒకరి కంటెయినర్ నుంచి ఇంకొకరి కంటెయినర్‌కి దారి ఉంటుంది. విడివిడిగానే ఉంచాం.

గోడ ఉంది, తలుపు తెరిచే ఉంది

సర్వరులో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంది. డేటాబేస్ పోర్టులు వేటికీ అనుమతి ఇవ్వలేదు. అయినా హాస్టల్ వైఫై నుంచి నా ల్యాప్‌టాప్‌తో ప్రయత్నిస్తే చక్కగా కనెక్ట్ అయింది. డాకర్ పోర్టు తెరిచినప్పుడు లినక్స్‌లో ప్యాకెట్లను వడపోసే ఐపీటేబుల్స్‌లో తన నియమాలు తనే రాసుకుంటుంది. ఆ ప్యాకెట్లు యూఎఫ్‌డబ్ల్యూ చూసే దారిలోకి రావు. స్టేటస్ అడిగితే అంతా బంద్ అనే చెబుతుంది, అదే ప్రమాదం. పోర్టు రాసేచోట ముందు ల్యాబ్ వైపు ఉన్న ఐపీ అడ్రస్ చేర్చాం. ఇప్పుడు ఆ ఇంటర్‌ఫేస్ మీద మాత్రమే వింటుంది. ఇంకా గట్టిగా కావాలంటే డాకర్-యూజర్ చెయిన్‌లో నియమాలు రాసుకోవాలి. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద చేసుకునే విద్యార్థులకు ఇచ్చిన ఫైల్లో 127.0.0.1 (ఆ మెషీన్‌కి మాత్రమే) అని ముందే పెట్టి ఇచ్చా.

డేటా నింపడం

ఈ ఇమేజ్‌లో ఇనిట్ ఫోల్డర్ అని ఒకటి ఉంటుంది. అందులో పెట్టిన ఎస్‌క్యూఎల్, షెల్ ఫైళ్లు మొదటిసారి లేచినప్పుడు పేరు వరసలో నడుస్తాయి. డేటా ఫోల్డర్ ఖాళీగా ఉంటేనే. ఒకసారి నిండాక ఆ ఫైల్లో ఏం మార్చినా పట్టించుకోదు. పాస్‌వర్డ్ వేరియబుల్ కూడా అంతే. ఆ వేరియబుల్స్ ఉండే ఎన్‌వీ ఫైల్లో కొత్త పాస్‌వర్డ్ రాసి రీస్టార్ట్ చేసి, పాతదే ఎందుకు పనిచేస్తోందని అడిగేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కంపోజ్ డౌన్ కొడితే కంటెయినర్ పోతుంది, డేటా దాచే వాల్యూమ్ ఉంటుంది. దానికి మైనస్ వీ చేరిస్తేనే డేటా పోతుంది. మా రీసెట్ బటన్ చేసేది అదే.

ఫైళ్ల పేర్లకు 01, 02 అని రెండంకెలు వేశాం. లేకపోతే పది రెండు కంటే ముందు నడుస్తుంది.

ఒక షెల్ ఫైలు సర్వరులో బాగా నడిచి, విద్యార్థుల విండోస్ ల్యాప్‌టాప్‌లలో మాత్రం బాష్ ఇంటర్‌ప్రెటర్ లేదని ఏడ్చింది. ఫైళ్ల వెర్షన్లు దాచే గిట్, విండోస్‌లో ఫైలు దించేటప్పుడు లైను చివర క్యారేజ్ రిటర్న్ చేరుస్తుంది. ఆ కనిపించని అక్షరంతో కలిపి లినక్స్ బాష్ పేరు చదువుతుంది, అలాంటి ప్రోగ్రాం ఉండదు. గిట్ యాట్రిబ్యూట్స్ ఫైల్లో షెల్ ఫైళ్లకి లైను చివర ఎల్ఎఫ్ (లినక్స్ పద్ధతి) మాత్రమే అని ఒక లైను రాస్తే చాలు. ఈ లైను అన్ని ల్యాబ్ రిపోజిటరీల్లోనూ పుట్టుకతోనే ఉండాలి.

ఇంతకంటే చిక్కుది హెల్త్‌చెక్, అంటే సర్వరు సిద్ధమైందా అని అడిగే పరీక్ష. రీసెట్ కొట్టాక మెనూ "రెడీ" అంటుంది, విద్యార్థి కనెక్ట్ అయితే కనెక్షన్ రిఫ్యూజ్డ్. రెండు క్షణాలాగి మళ్లీ కొడితే వస్తుంది. కొందరికే వస్తుంది, అందరికీ రాదు. లాగ్స్‌లో జాగ్రత్తగా చూస్తే సర్వరు రెండుసార్లు లేచినట్టుంది. జరిగేదేంటంటే, ఇనిట్ ఫైళ్లు నడపడానికి ముందు ఒక తాత్కాలిక సర్వరు లేస్తుంది. అది యునిక్స్ సాకెట్ (కంటెయినర్ లోపలి దారి) మీద మాత్రమే వింటుంది, నెట్‌వర్క్ మీద వినదు. ఫైళ్లన్నీ అయ్యాక మూతపడి, అసలు సర్వరు లేస్తుంది. హెల్త్‌చెక్‌లో పీజీ ఈజ్ రెడీ కమాండుని ఉత్తినే పెడితే అది సాకెట్ గుండానే అడుగుతుంది. తాత్కాలిక సర్వరు "ఉన్నా" అంటుంది, అందరూ నమ్ముతారు. హోస్ట్ 127.0.0.1 అని చేర్చితే టీసీపీ మీద అడుగుతుంది, అసలు సర్వరు లేచేదాకా జవాబు రాదు. పదీ పన్నెండు అక్షరాల మార్పు.

ఇండెక్స్ ప్రయోగానికి పది లక్షల వరసల టేబుల్ కావాలి. వరస నంబర్లు పుట్టించే జెనరేట్ సిరీస్‌తో నింపితే సరిపోతుంది, కానీ ప్రతి రీసెట్‌కీ నింపుతూ కూర్చుంటే తరగతి మొత్తం ఎదురుచూడాలి. దానికి రెండు రకాల రీసెట్ పెట్టాం. పెద్దది వాల్యూమ్ తుడిచేస్తుంది. చిన్నది విద్యార్థి డేటాబేస్‌ని మాత్రం తీసేసి, నింపి పెట్టిన మూల డేటాబేస్‌ని టెంప్లేట్‌గా వాడి కొత్తది చేస్తుంది. ఉన్న డేటా పేజీల కాపీయే కాబట్టి చాలా వేగం. షరతు ఒకటే, ఆ సమయంలో మూల డేటాబేస్‌కి ఇంకెవరూ కనెక్ట్ అయి ఉండకూడదు. దానికి కనెక్షన్లే రాకుండా మూసేశాం.

సెమిస్టర్ మొదలైంది

మొదటి క్లాసులో ఇన్‌స్టలేషన్ ఊసే లేకుండా సెలెక్ట్ దగ్గర మొదలుపెట్టాం. ఇంట్లో చేసుకునేవాళ్లకు మాత్రం కాస్త గందరగోళం. బ్రౌజర్‌లో డేటాబేస్ చూపించే అడ్మినర్‌ని కూడా కంటెయినర్‌గానే ఇచ్చాం. అందులో సర్వర్ పేరు లోకల్‌హోస్ట్ అని కొడితే కనెక్ట్ కాదు. ఎందుకంటే అడ్మినర్ కంటెయినర్‌కి లోకల్‌హోస్ట్ అంటే తనే. సర్వీసు పేరు డీబీ అని కొట్టాలి. బయట పీఎస్‌క్యూఎల్ నుంచి మాత్రం లోకల్‌హోస్టే. బోర్డు మీద రెండు డబ్బాలు గీసి చూపించాక సర్దుకుంది.

అందరూ ఒకేసారి ఇమేజ్ దించుకుంటే డాకర్ హబ్ (ఇమేజ్‌లు దొరికే సైటు) పరిమితి తగులుతుంది. 2020 నవంబరు నుంచి లాగిన్ లేని డౌన్‌లోడ్లను ఐపీ అడ్రస్ లెక్కన పరిమితం చేస్తోంది. క్యాంపస్ మొత్తం బయటికి ఒకే ఐపీగా కనిపిస్తే అందరి వాటా ఒకటే. సర్వరు మీద ఇమేజ్‌లు దాచే రిజిస్ట్రీ కంటెయినర్ ఒకటి పెట్టి మిర్రర్‌గా (స్థానిక నకలుగా) వాడుతున్నాం. నెట్ లేనివాళ్లకి డాకర్ సేవ్‌తో తీసిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తున్నాం, వాళ్లు లోడ్ కొట్టుకుంటారు. పెన్‌డ్రైవే ఎక్కువ పాపులర్.

డిస్కు నిండిన మధ్యాహ్నం

ఒక్కో కంటెయినర్‌కి 512 ఎంబీ మెమరీ, ఒక సీపీయూ అని హద్దు పెట్టాం. ఎవరైనా మెమరీ హద్దు దాటితే వాళ్ల డేటాబేస్ ప్రాసెసే చస్తుంది, పక్కవాళ్లకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. బాగానే ఉంది. కానీ డిస్కుకి హద్దు లేదు. ఒక విద్యార్థి పది లక్షల వరసల టేబుల్‌ని దానితోనే జాయిన్ చేశాడు, కండిషన్ రాయడం మర్చిపోయాడు, పైగా ఆర్డర్ బై. సార్టింగ్ మెమరీలో పట్టక టెంప్ ఫైళ్లు రాసుకుంటూ పోయింది. డిస్కు అందరిదీ ఒకటే. అందరి ఇన్సర్ట్‌లూ ఒక్కసారిగా ఫెయిల్. ఆ పిల్లాడి మొహంలో టెన్షన్ చూసి, రికార్డులో రాసుకోవాల్సిన అసలైన ప్రయోగం ఇదేరా అన్నా.

పోస్ట్‌గ్రెస్‌లో టెంప్ ఫైల్ లిమిట్ అనే సెట్టింగ్ ఉంది. మామూలుగా హద్దు లేకుండా ఉంటుంది, 1 జీబీ చేశాం. సూపర్‌యూజర్ కానివాళ్లు దీన్ని మార్చలేరు. అందుకే విద్యార్థి రోల్‌కి డేటాబేస్‌లు, రోల్స్ చేసుకునే హక్కు ఇచ్చి, సూపర్‌యూజర్ హక్కు ఇవ్వలేదు. స్టేట్‌మెంట్ టైమౌట్ కూడా పెట్టాం గానీ, దాన్ని ఎవరైనా తమ సెషన్‌లో మార్చుకోవచ్చు. అది కాపలా కాదు, గుర్తు చెయ్యడం మాత్రమే.

అదే వారంలో ఇంకొకరికి గ్రూప్ బై క్వెరీ నడుస్తూ షేర్డ్ మెమరీ పెంచలేకపోయానని ఎర్రర్. డిస్కులో చోటు లేదని చెబుతుంది, డిస్కు చూస్తే ఖాళీ. అది డిస్కు కాదు. ప్యారలల్ క్వెరీలు వాడే షేర్డ్ మెమరీకి డాకర్ ఇచ్చేది 64 ఎంబీ. కంపోజ్ ఫైల్లో ఎస్‌హెచ్ఎం సైజ్ 256 ఎంబీ అని పెట్టాక మళ్లీ రాలేదు.

డర్టీ రీడ్ రాదు

సిలబస్‌లో ఐసొలేషన్ లెవెల్స్ (ఒక ట్రాన్సాక్షన్ మార్పులు ఇంకొకదానికి ఎంతవరకు కనిపించాలన్న హద్దులు) ప్రయోగం ఉంది. మొదటి ప్రశ్న: రీడ్ అన్‌కమిటెడ్‌లో డర్టీ రీడ్ (ఇంకా కమిట్ కాని మార్పుని చదవడం) చూపించండి. పోస్ట్‌గ్రెస్‌లో రీడ్ అన్‌కమిటెడ్ అని అడగొచ్చు, ఎర్రర్ రాదు, కానీ నడిచేది రీడ్ కమిటెడ్‌లాగే. డర్టీ రీడ్ ఎంత ప్రయత్నించినా రాదు. ఆ ఒక్క వారానికి మైఎస్‌క్యూఎల్ 8.4 కంటెయినర్లు లేపాం. దాని స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీలో రెండు కిటికీలు తెరిచి చూస్తే చక్కగా వచ్చింది: ఒకవైపు అప్‌డేట్ చేసి కమిట్ చెయ్యలేదు, రెండోవైపు కొత్త విలువ కనిపించింది, మొదటివైపు రోల్‌బ్యాక్, రెండోవైపు చూసిన విలువ ఎప్పుడూ లేనట్టు మాయం. రెండు సిస్టమ్‌లలో డిఫాల్ట్ లెవెల్ కూడా వేరు, పోస్ట్‌గ్రెస్‌లో రీడ్ కమిటెడ్, మైఎస్‌క్యూఎల్‌లో రిపీటబుల్ రీడ్. వారం అయ్యాక మైఎస్‌క్యూఎల్ కంటెయినర్లు తీసేశాం, సర్వరు మీద జాడ లేదు. పాత పద్ధతిలో దీనికి ఇంకో సర్వరు కావాలని ఉత్తరం రాసుకునేవాళ్లం.

ఒరాకిల్ ప్రయోగాలకు అందరికీ కలిపి ఒకే కంటెయినర్. ఉచిత ఎడిషన్‌కి 2 జీబీ ర్యామ్, 12 జీబీ డేటా హద్దు. ఇమేజే పెద్దది. తలా ఒకటి అంటే సర్వరు లేవదు.

కిల్ బటన్

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన క్లాసు ఇది. ఖాతాల టేబుల్‌లో రెండు వరసలు. ఒక కిటికీలో మొదటి వరస మార్చి కమిట్. రెండో కిటికీలో బిగిన్, రెండో వరస మార్చి, కమిట్ చెయ్యకుండా ఆగడం. మూడో కిటికీలో మెనూ తెరిచి కిల్. రెండు కిటికీల్లోనూ కనెక్షన్ తెగిపోయింది. స్టార్ట్ కొట్టి లాగ్ చూస్తే సర్వరు సరిగ్గా మూతపడలేదు, ఆటోమేటిక్ రికవరీ జరుగుతోంది, రీడూ (రాసిపెట్టుకున్న మార్పులు మళ్లీ చెయ్యడం) మొదలైంది అని వరసగా లైన్లు. సెలెక్ట్ కొడితే మొదటి మార్పు ఉంది, రెండోది లేదు.

వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అడిగింది: "సార్, కమిట్ కానిది అసలు డిస్కు మీదికే వెళ్లలేదా, వెళ్లి వెనక్కి తీసేశారా?"

లాగ్‌లో రీడూ అని ఉంది, అన్‌డూ అని ఎక్కడా లేదు. ఆమె పట్టుకుంది అదే. నా కంటెయినర్‌లో సూపర్‌యూజర్‌గా పేజీల లోపల ఏముందో చూపించే పేజ్ ఇన్‌స్పెక్ట్ ఎక్స్‌టెన్షన్ పెట్టి, ఆ టేబుల్ మొదటి పేజీ ప్రొజెక్టర్ మీద తెరిచా. కమిట్ కాని కొత్త వరస అక్కడే ఉంది, పాతదాని పక్కన. రీడూ దాన్ని కూడా మళ్లీ రాసింది. కానీ దాని ఎక్స్‌మిన్‌లో (వరసని రాసిన ట్రాన్సాక్షన్‌ని గుర్తుపెట్టే గడిలో) ఉన్న నంబరు గల ట్రాన్సాక్షన్ ఎప్పుడూ కమిట్ కాలేదు కాబట్టి ఎవరి సెలెక్ట్‌కీ అది కనిపించదు. తర్వాత పనికిరాని వరసలు తీసేసే వ్యాక్యూమ్ వచ్చి ఊడ్చేస్తుంది. అన్‌డూ లాగ్ పెట్టుకుని వెనక్కి తిప్పే పద్ధతి ఇన్నోడీబీది, ఒరాకిల్‌ది. పోస్ట్‌గ్రెస్ వెనక్కి తిప్పదు, పట్టించుకోవడం మానేస్తుంది. పాఠ్యపుస్తకంలోని అన్‌డూ-రీడూ బొమ్మ దీనికి సరిగ్గా అతకదని అప్పుడు చెప్పా.

ఒక్క జాగ్రత్త చెప్పి వదిలా. కంటెయినర్‌ని కిల్ చెయ్యడం కరెంటు పోవడం లాంటిది కాదు. ప్రాసెస్ చస్తుంది, కెర్నల్ బతికే ఉంటుంది, దాని క్యాష్‌లో ఉన్నవి తర్వాత డిస్కుకి చేరతాయి. ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా డిస్కుకి చేరేలా చూసే సెట్టింగ్) ఆఫ్ చేసి ఈ ప్రయోగం చేసినా అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నిజంగా పరీక్షించాలంటే మొత్తం వర్చువల్ మెషీన్‌నే కరెంటు తీసేసినట్టు ఒక్కసారిగా ఆపెయ్యాలి. అది వచ్చే సెమిస్టర్ పని.

ఇప్పటి పరిస్థితి

సబ్మిషన్‌కి ఎస్‌క్యూఎల్ ఫైళ్లు మాత్రమే తీసుకుంటున్నాం. ఒక్కో ఫైలుని అప్పుడే పుట్టిన కంటెయినర్‌లో నడిపి చూస్తాం. "నా దగ్గర వచ్చింది సార్" అనే మాట బాగా తగ్గింది. రీసెట్ బటన్ వాడకం మాత్రం వారం వారం పెరుగుతోంది, అది నాకు సంతోషమే.

లాగ్స్ ఇంకా సర్దాలి. డాకర్ మామూలుగా కంటెయినర్ లాగ్ ఫైలుకి ఏ హద్దూ పెట్టదు. ఎర్రర్ వచ్చిన ప్రతి స్టేట్‌మెంటూ అందులోకి చేరుతుంది, ఎవరో తప్పు ఇన్సర్ట్‌ని స్క్రిప్టులో లూప్ తిప్పితే ఒకే కంటెయినర్ లాగ్ కొండలా పెరిగింది. ఫైలుకి 10 ఎంబీ, మూడు ఫైళ్లు అని డీమన్ సెట్టింగ్స్‌లో రాసి పెట్టా. కానీ అది కొత్తగా తయారయ్యే కంటెయినర్లకే వర్తిస్తుంది. ఇంటర్నల్ పరీక్షలు అయ్యాక అన్నీ ఒకసారి తీసి మళ్లీ లేపాలి.